సినిమా డిస్కుల బ్యాకప్: ఇన్ని సాఫ్ట్‌వేర్లు ఎందుకున్నాయి, మనకి పనికొచ్చేది ఏది

ఇంట్లో పాత సినిమా డిస్కులు ఉన్నాయి, ప్లేయర్ ఎప్పుడో పాడైంది, కొత్త ల్యాప్‌టాప్‌కి డ్రైవే లేదు, వీటిని ఎలాగైనా హార్డ్‌డిస్కులోకి ఎక్కించేద్దాం అని నెట్‌లో వెతికితే మొదటి పేజీలోనే బుర్ర తిరుగుతుంది. ఒకటి రిప్పర్ అంటుంది, ఒకటి క్లోనర్ అంటుంది, ఇంకోటి కన్వర్టర్, ఇంకోటి ష్రింక్. అన్నీ చేసేది ఒకటే పని అనిపిస్తుంది. తీరా ఒక్కొక్కటీ వేసి చూస్తే ఒకటి అరగంటలో ఏడు జీబీ ఫైలు ఇస్తుంది, ఒకటి గంటలకొద్దీ ల్యాప్‌టాప్‌ని వేడెక్కించి ఒక జీబీ ఇస్తుంది, ఒకటి సగంలో "రీడ్ ఎర్రర్" అని చేతులెత్తేస్తుంది, ఇంకోటి అంతా అయిపోయినట్టే చూపించి మొదటి ఐదు నిమిషాల సినిమా మాత్రం చేతిలో పెట్టి మిగతాది కావాలంటే డబ్బు కట్టమంటుంది.

నేను వీటిలో చాలావాటిని వేసి, తీసి, మళ్లీ వేసి చూశాక తేలింది ఏంటంటే, ఇక్కడ జరిగే పని ఒకటి కాదు, మూడు. డిస్కు మీదున్న డేటాని తప్పుల్లేకుండా చదవడం ఒకటి. దానికి వేసిన తాళం తీయడం రెండోది. వచ్చిన వీడియోని చిన్నది చేయడం మూడోది. ఈ మూడింటిలో ఏ సాఫ్ట్‌వేర్ ఏది చేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను: చాలామంది దిగేముందు మూడో పని గురించే ఆలోచిస్తారు, నిజానికి ఈ రోజుల్లో అది దాదాపు అవసరం లేని పని.

ముందు డిస్కులో ఏముందో చూద్దాం. సినిమా డీవీడీని కంప్యూటర్లో తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో మూడు రకాల ఫైళ్లుంటాయి. వీవోబీ ఫైళ్లలో అసలు సినిమా ఉంటుంది, అంటే ఎంపెగ్-2 వీడియో, డాల్బీ లేదా డీటీఎస్ ఆడియో, సబ్‌టైటిల్స్ అన్నీ కలిపి. ఒక్కో వీవోబీ ఒక జీబీ దాటకూడదు కాబట్టి సినిమాని ముక్కలు ముక్కలుగా పెడతారు. ఐఎఫ్‌వో ఫైళ్లు చిన్నవి, ఏ చాప్టర్ ఎక్కడ మొదలవుతుంది, ఏ మెనూ నొక్కితే ఎక్కడికి వెళ్లాలి అనే లెక్క వాటిలో ఉంటుంది. బీయూపీ అంటే ఆ ఐఎఫ్‌వోకే ఇంకో కాపీ, గీత పడి ఒకటి చదవలేకపోతే రెండోది పనికొస్తుందని డిస్కులోనే దూరంగా పెట్టింది. ఒక పొర ఉన్న డిస్కు 4.7 జీబీ, రెండు పొరలుంటే 8.5 జీబీ. మీ ఇంట్లో పెళ్లి వీడియోనో పుట్టినరోజు వీడియోనో ఫొటో స్టూడియో వాళ్లు రాసిచ్చిన డీవీడీ అయితే దానికి తాళమేమీ ఉండదు, ఆ ఫోల్డర్‌ని అలాగే కాపీ కొట్టి పేస్ట్ చేసుకుంటే చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కొంతమంది దానికి కూడా డబ్బు పెట్టి రిప్పర్ (డిస్కులోంచి సినిమా దించే సాఫ్ట్‌వేర్) కొంటున్నారు, అందుకే చెప్తున్నా.

కంపెనీ ప్రెస్ చేసిన సినిమా డిస్కుల్లో మాత్రం చాలావాటికి సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది. 1996లో డీవీడీ మార్కెట్లోకి వచ్చినప్పుడు హాలీవుడ్ స్టూడియోలు పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటు ఇది. సినిమా డేటాని ఒక టైటిల్ కీతో గజిబిజి చేస్తారు. ఆ టైటిల్ కీని డిస్క్ కీతో మూసేస్తారు. ఆ డిస్క్ కీని నాలుగు వందలకు పైగా ప్లేయర్ కీలతో విడివిడిగా మూసి, డిస్కు లోపలి అంచు దగ్గర మామూలుగా చదవడానికి వీల్లేని చోట రాసిపెడతారు. లైసెన్సు తీసుకున్న ప్రతి ప్లేయర్ కంపెనీ దగ్గరా అందులో ఏదో ఒక కీ ఉంటుంది. డ్రైవు కూడా ముందు అవతలి సాఫ్ట్‌వేర్‌తో మాటామంతీ అయ్యాకే కీలు బయటికి ఇస్తుంది. అందుకే అలాంటి డిస్కు నుంచి వీవోబీ ఫైళ్లు ఊరికే లాగి పేస్ట్ చేస్తే ఒక్కోసారి కాపీయే ఆగిపోతుంది, ఒక్కోసారి కాపీ అయినా ఆకుపచ్చ, గులాబీ రంగు గళ్లు తప్ప బొమ్మ కనిపించదు. పోనీ ఉన్నదున్నట్టు ఖాళీ డీవీడీ మీద రాద్దామంటే, కీలు ఉండాల్సిన ఆ చోటు ఖాళీ డిస్కుల్లో ముందే రాతకు పనికిరాకుండా చేసి అమ్ముతారు. అంటే డేటా వస్తుంది గానీ తాళంచెవి రాదు.

ఇంత పకడ్బందీగా చేసిన తాళం నిలబడింది మూడేళ్లే. కీ పొడవు 40 బిట్లు మాత్రమే, పైగా దాని లెక్కలో ఉన్న లోపాల వల్ల ఆ 40 బిట్ల బలం కూడా లేదు. 1999లో నార్వేకి చెందిన జాన్ లెక్ జొహాన్సెన్ అనే 15 ఏళ్ల కుర్రాడు, నెట్‌లో పరిచయమైన ఇంకో ఇద్దరితో కలిసి డీసీఎస్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ బయటపెట్టాడు. జింగ్ అనే కంపెనీ తన డీవీడీ ప్లేయర్ సాఫ్ట్‌వేర్లో కీని సరిగ్గా దాచకుండా వదిలేయడం వాళ్లకి కలిసొచ్చింది. కేసు పెట్టారు. తన డబ్బుతో కొన్న డిస్కుని తన కంప్యూటర్లో చూసుకోవడం నేరం కాదని నార్వే కోర్టు 2003 జనవరిలో అతన్ని వదిలేసింది, అదే ఏడాది డిసెంబర్లో పై కోర్టు కూడా అదే మాట చెప్పింది. ఈలోపు అమెరికాలో ఆ కోడ్‌ని టీషర్టుల మీద అచ్చేసుకుని తిరిగినవాళ్లున్నారు. ఇప్పుడు మనం వాడే వీఎల్‌సీ ప్లేయర్ తాళం ఉన్న డీవీడీని కిక్కురుమనకుండా ఆడించేస్తుందంటే లోపల లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్ అనే లైబ్రరీ ఉంది కాబట్టే. అది ఏ కంపెనీ ప్లేయర్ కీనీ అడగదు, అవసరమైతే టైటిల్ కీని లెక్కకట్టి పట్టేస్తుంది.

సాఫ్ట్‌వేర్ల కథ ఇక్కడి నుంచే మొదలైంది. 2000ల మొదట్లో హార్డ్‌డిస్కులు చిన్నవి, రెండు పొరల ఖాళీ డిస్కులు ఖరీదు. కాబట్టి అందరి తాపత్రయం ఒకటే: 8.5 జీబీ సినిమాని 4.7 జీబీ ఖాళీ డిస్కులో ఇరికించాలి. డీవీడీ ష్రింక్ అంత పేరు తెచ్చుకుంది అందుకే. అది వీడియోని మొత్తం విప్పి మళ్లీ తయారుచేయదు, ఉన్న ఎంపెగ్-2 డేటాలోనే బొమ్మ వివరాలు దాచిన అంకెల్ని ముతకగా చేసి బరువు తగ్గిస్తుంది. అందుకే అప్పటి నాసిరకం కంప్యూటర్లలో కూడా చకచకా అయిపోయేది. దానికి తగ్గట్టే చీకటి సీన్లలో, ఫైట్లలో గళ్లు గళ్లుగా కనిపించేది. డీవీడీ డిక్రిప్టర్ అనే ఇంకోటి తాళం తీసి ఉన్నదున్నట్టు దించేది. ఒత్తిడి తట్టుకోలేక దాని రచయిత 2005లో దాన్ని ఆపేశాడు, ఆపేసి అదే ఏడాది తాళాల జోలికి పోకుండా డిస్కులు రాయడానికి మాత్రమే పనికొచ్చే ఇమ్జ్‌బర్న్ తెచ్చాడు. డీవీడీ ఎక్స్ కాపీ పేరుతో కాపీ సాఫ్ట్‌వేర్‌ని షాపుల్లో పెట్టెల్లో అమ్మిన 321 స్టూడియోస్ అనే అమెరికా కంపెనీ 2004లో కోర్టు దెబ్బకి మూతపడింది. డబ్బు తీసుకుని నడిచిన ఎనీడీవీడీ తయారీదారు స్లైసాఫ్ట్ 2016లో దుకాణం కట్టేసింది, దాన్ని రెడ్‌ఫాక్స్ పేరుతో మళ్లీ నడిపారు, 2024లో అదీ మాయమైంది. లైఫ్‌టైమ్ లైసెన్సు అని డబ్బు కట్టినవాళ్ల లైఫ్ అలాగే ఉంది, కంపెనీ లైఫే అయిపోయింది. ఈ రంగంలో జీవితకాలం లైసెన్సు అని ఎవరైనా అమ్మితే ఈ చరిత్ర గుర్తుపెట్టుకోండి.

డీవీడీ ష్రింక్ ఇప్పటికీ దొరుకుతుంది, కొత్త విండోస్ మీద కూడా నడుస్తుంది. కానీ దాని చివరి వెర్షన్ 2004 నాటిది. ఆ పేరు పెట్టుకుని తిరిగే సైట్లలో కొన్ని వేరే ఏదో అంటగట్టడానికి పెట్టినవి. ఇమ్జ్‌బర్న్ చివరి వెర్షన్ 2013లో వచ్చింది, దాని ఇన్‌స్టాలర్లో కూడా ఓపెన్‌క్యాండీ అనే యాడ్‌వేర్ జోడించారు, కాబట్టి నెక్స్ట్ నెక్స్ట్ అని కళ్లు మూసుకుని నొక్కకండి. అసలు ప్రశ్న అది కాదు. ఇప్పుడు ఇరికించాల్సిన అవసరం ఏముంది? 1 టీబీ హార్డ్‌డిస్కులో నిండా 8.5 జీబీ ఉన్న డిస్కులు కూడా వందకి పైగా పడతాయి. ఒకసారి కుదించాక పోయిన వివరం మళ్లీ రాదు. అందుకే నా లెక్కలో బ్యాకప్ అంటే ఉన్నదున్నట్టు దించుకోవడమే. ఫోన్‌లో చూడ్డానికి చిన్న ఫైలు కావాలంటే ఆ దించుకున్న దాంట్లోంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఉన్నదున్నట్టు అన్నాను గానీ అందులోనూ రెండు దారులున్నాయి. మెనూలు, ఎక్స్‌ట్రాలు, పాటల లిస్టు అన్నీ డిస్కులో ఎలా ఉన్నాయో అలాగే కావాలంటే మొత్తం డిస్కుని ఒకే ఐఎస్‌వో ఫైలుగా తీసుకోవాలి. వీఎల్‌సీలో తెరిస్తే డిస్కు పెట్టినట్టే మెనూ వస్తుంది. సినిమా ఒక్కటీ చాలనుకుంటే మేక్‌ఎంకేవీ సుఖం. అది డిస్కు చదివి, తాళం తీసి, వీడియోని ముట్టుకోకుండా వీవోబీ ముక్కల్లోంచి బయటికి తీసి ఒకే ఎంకేవీ ఫైల్లో పెడుతుంది. క్వాలిటీ ఒక్క పిసరు కూడా తగ్గదు, ఎందుకంటే బొమ్మని మళ్లీ తయారుచేయడం అనేదే జరగలేదు. డీవీడీలకి ఇది ఉచితం. బ్లూరేకి ట్రయల్ ఉంటుంది, లేదంటే ప్రోగ్రామ్ బీటాలో ఉన్నన్నాళ్లూ తయారీదారే గడువున్న ఒక కీని ఉచితంగా ఇస్తూ వస్తున్నాడు, గడువు తీరగానే కొత్తది వేసుకోవాలి. చాలా ఏళ్లుగా అది బీటాలోనే ఉంది, అదో సరదా.

మేక్‌ఎంకేవీలో డిస్కు తెరిచాక టైటిళ్ల జాబితా వస్తుంది, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. రెండు నిమిషాల కంటే చిన్న టైటిళ్లని అది మామూలుగా వదిలేస్తుంది. ట్రైలర్లు, చిన్న చిన్న బిట్లు కావాలంటే సెట్టింగ్స్‌లో ఆ 120 సెకన్లని తగ్గించుకోవాలి. ఎక్కువ నిడివి ఉన్నదే సాధారణంగా సినిమా. కానీ కొన్ని డిస్కుల్లో ఒకే నిడివితో పదుల కొద్దీ టైటిళ్లు కనిపిస్తాయి. ఇది రిప్పర్లని తప్పుదారి పట్టించడానికి చేసిన పనే. సోనీ వాళ్ల ఆర్కాస్ అనే రక్షణ పద్ధతిలో అయితే ప్లేయర్ ఎప్పుడూ వెళ్లని చోట కావాలని పాడైన సెక్టార్లు పెడతారు. ప్లేయర్ మెనూ చెప్పిన దారిలోనే పోతుంది కాబట్టి దానికేం కాదు, డిస్కు మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోయే అమాయకపు సాఫ్ట్‌వేర్ ఆ గుంటల్లో పడి డిస్కే పాడైందనుకుంటుంది. ఇలాంటప్పుడు డిస్కుని వీఎల్‌సీలో పెట్టి, మెనూలోంచి ప్లే నొక్కి, ఏ టైటిల్ నంబర్ నడుస్తోందో ప్లేబ్యాక్ మెనూలో చూడండి. మేక్‌ఎంకేవీలో అదే ఎంచుకోండి.

హ్యాండ్‌బ్రేక్ పేరు అందరూ చెప్తారు, మంచి సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం, 2003లో మొదలై పదమూడేళ్లకి పైగా నడిచాక 2016 డిసెంబర్లో గానీ 1.0 అనిపించుకోలేదు. కానీ అది చేసేది మూడో పని, కుదించడం. తాళం తీసే కోడ్ దానిలో లేదు. తాళం ఉన్న డిస్కుని నేరుగా దానికిస్తే ఏమీ దొరకలేదంటుంది, లేదా చెత్త బొమ్మ ఇస్తుంది, అప్పుడు జనం హ్యాండ్‌బ్రేక్ పనిచేయట్లేదని తిడతారు. ముందు మేక్‌ఎంకేవీతో దించుకుని, ఆ ఎంకేవీని హ్యాండ్‌బ్రేక్‌కి ఇవ్వాలి.

ఇవ్వాల్సి వస్తే మూడు చోట్ల చూసుకోండి. మొదటిది క్వాలిటీ అంకె: డీవీడీ సైజు బొమ్మకి ఆర్‌ఎఫ్ 18 నుంచి 22 మధ్య పెట్టండి, అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ, సైజు రెండూ పెరుగుతాయి. రెండోది ఆడియో. మామూలు సెట్టింగ్‌లో వదిలేస్తే 5.1 ట్రాక్‌ని (ఆరు స్పీకర్ల శబ్దాన్ని) స్టీరియో చేసేస్తుంది, ఇంట్లో హోమ్ థియేటర్ ఉంటే ఉసూరుమంటారు, ఆడియోని ముట్టుకోకుండా అలాగే పంపే పాస్‌త్రూ ఎంచుకోండి. మూడోది సబ్‌టైటిల్స్. డీవీడీలో సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, ఒక్కో లైనూ ఒక్కో చిన్న బొమ్మ. ఎంకేవీ వాటిని విడిగా మోయగలదు, ఎంపీ4లో విడిగా పెట్టినా చాలా ప్లేయర్లు వాటిని చూపించవు, బొమ్మ మీద అచ్చేస్తే తర్వాత తీసేద్దామన్నా పోవు. మీ ఇంట్లో తెలుగు రాని కోడలో అల్లుడో ఉంటే సబ్‌టైటిల్స్ ఉంచాల్సిందే కాబట్టి ఎంకేవీకే కట్టుబడండి.

అసలు పీటముడి ఇంటర్‌లేసింగ్. పాత టీవీల కోసం తీసిన వీడియోలో ఒక్కో ఫ్రేములో రెండు క్షణాలు కలిసుంటాయి, సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు తర్వాతి క్షణానివి. కంప్యూటర్ ఆ రెంటినీ ఒకేసారి చూపించేసరికి ఎవరైనా చెయ్యి ఊపితే అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. పెళ్లి వీడియోలు దాదాపు అన్నీ ఇలాంటివే. వీటికి డీఇంటర్‌లేస్ ఫిల్టర్ పెట్టాలి, వీలైతే బాబ్ అనే ఆప్షన్ పెట్టి సెకనుకి 25 బదులు 50 ఫ్రేములు తీసుకుంటే తలంబ్రాలు జారుతున్నప్పుడు కదలిక నున్నగా ఉంటుంది. సినిమాల సంగతి వేరు. మన దగ్గర టీవీ ప్రసారం పాల్ పద్ధతి అయినా, తెలుగు, హిందీ సినిమా డీవీడీల్లో చాలావి ఎన్‌టీఎస్‌సీలో, రీజియన్ తాళం (ఏ దేశాల్లో ఆడాలో డిస్కు మీద పెట్టే హద్దు) లేకుండా వచ్చాయి, ఎన్‌టీఎస్‌సీ టీవీలున్న అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో కూడా అదే డిస్కు ఆడేది. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని దాదాపు 30 చేయడానికి కొన్ని ఫీల్డుల్ని, అంటే ఆ సరి లేదా బేసి గీతల సగం బొమ్మల్ని, రెండోసారి చూపిస్తారు. దీనికి డీఇంటర్‌లేస్ కాదు, డీటెలిసైన్ అనే ఫిల్టర్ పెట్టాలి, అప్పుడు ఆ అదనపు ఫీల్డులు పోయి అసలు 24 ఫ్రేములు మిగులుతాయి. కొన్ని డిస్కులు పాల్ కాపీలోంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చి ప్రెస్ చేసినవి, వాటిలో పక్కపక్క ఫ్రేములు కలిసిపోయి దెయ్యం నీడలాగా కనిపిస్తాయి, దాన్ని ఏ ఫిల్టరూ బాగుచేయలేదు. అలాంటివి ఉన్నవి ఉన్నట్టు వదిలేయడం మేలు.

రీజియన్ అంటే గుర్తొచ్చింది, మన దేశం రీజియన్ 5, అమెరికా 1, బ్రిటన్ 2. అమెరికా నుంచి ఎవరైనా హాలీవుడ్ డిస్కు తెచ్చిస్తే డ్రైవు రీజియన్ మార్చమని అడుగుతుంది. ఐదుసార్లే మార్చగలరు, ఐదోసారి ఏది పెడితే దాని మీదే ఆగిపోతుంది. అడగ్గానే ఓకే నొక్కకుండా ముందు వీఎల్‌సీలోనో మేక్‌ఎంకేవీలోనో ప్రయత్నించి చూడండి, చాలాసార్లు మార్చే పని పడదు.

ఇప్పుడు వీసీడీల దగ్గరికి వద్దాం. ఈ విషయం గురించి ఇంగ్లీషులో రాసేవాళ్లు వీసీడీని పట్టించుకోరు, ఎందుకంటే అమెరికాలో అది పెద్దగా లేదు. మన ఇళ్లలో మాత్రం డీవీడీల కంటే అవే ఎక్కువ. 2007లో మోజర్ బేర్ రంగంలోకి దిగి వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మేసరికి కిరాణా కొట్లలో కూడా సినిమా డిస్కులు వేలాడాయి. అదే కంపెనీ తర్వాత అప్పుల్లో మునిగి 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. వీసీడీలో సినిమా ఎంపెగ్-1, పాల్ అయితే బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, ఒక్కో డిస్కులో గంటా పావు మాత్రమే పడుతుంది, అందుకే సినిమా రెండు డిస్కులు, పొడుగు సినిమా అయితే మూడు. తాళం అసలే లేదు. మరి కాపీ చేస్తే ఎందుకు ఎర్రర్ వస్తుంది?

ఎందుకంటే తాళం లేకపోయినా వీసీడీలో ఇంకో తిరకాసు ఉంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్ల డేటా పెట్టి, తప్పులు దిద్దుకోవడానికి అదనంగా కొన్ని వందల బైట్లు కేటాయిస్తారు. వీసీడీలో సినిమా సెక్టార్లకి ఆ అదనపు రక్షణ తీసేసి అందులో కూడా వీడియోనే నింపారు, సెక్టారుకి 2324 బైట్లు. వీడియోలో ఒక బిట్టు తప్పు వస్తే ఓ గడి చెదురుతుంది, అంతే కదా అన్నది వాళ్ల లెక్క. ప్లేయర్ అలాగే ఆ తప్పుని మింగి ముందుకెళ్లిపోతుంది. విండోస్ మాత్రం సినిమా ఉండే డాట్ (.DAT) అనే పెద్ద ఫైలుని కాపీ చేస్తూ ఒక్క సెక్టారు సరిగా రాకపోయినా సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని గొడవ చేసి మొత్తం ఫైలు వదిలేస్తుంది. కాబట్టి వీసీడీకి కావాల్సింది తాళం తీసే సాఫ్ట్‌వేర్ కాదు, తప్పులున్నా ఓపిగ్గా చదివే సాఫ్ట్‌వేర్. ఐసోబస్టర్ ఈ పనికి బాగుంటుంది, కొన్ని పనులకి డబ్బు అడుగుతుంది. వీసీడీగేర్ పాతది, ఉచితం, డాట్ ఫైలు చుట్టూ ఉన్న సీడీ కవరింగ్ తీసి శుభ్రమైన ఎంపెగ్ ఇస్తుంది. వచ్చిన ఎంపెగ్‌ని హ్యాండ్‌బ్రేక్‌కి ఇచ్చి కుదించకండి, దాంట్లో ఉన్నదే అంతంత మాత్రం. డిస్కుకి 700 ఎంబీ చుట్టుపక్కలే కదా.

గీతలు పడ్డ డిస్కుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ని తిట్టే సందర్భాల్లో సగం నిజానికి డిస్కు తప్పే. మెరిసే వైపు గీత కంటే పేరు రాసే వైపు గీత ప్రమాదం, సీడీలకీ వీసీడీలకీ ఇది మరీ నిజం. సీడీలో డేటా ఉన్న పొర పై వైపు లేబుల్ కింద పలుచటి లక్క పూత వెనకే ఉంటుంది, కింద ఉన్న 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంతా దానికి కిటికీ మాత్రమే. బాల్‌పెన్నుతో పెళ్లి తేదీ గట్టిగా నొక్కి రాశారంటే ఆ అక్షరాల కింద డేటా పోయినట్టే, డిస్కుని వెలుతురుకి పెట్టి చూస్తే ఆ చోట వెలుగు ఇవతలికి వస్తుంది. డీవీడీలో డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్యలో ఉంటుంది, కాబట్టి పైనుంచి కాస్త భద్రం. బ్లూరేలో కింద ఉపరితలానికి 0.1 మిల్లీమీటర్ దూరంలోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు. స్టూడియో వాళ్లు వధూవరుల ఫొటోతో అంటించిన కాగితం స్టిక్కర్ ఉంటే దాన్ని పీకే ప్రయత్నం చేయొద్దు, సీడీ అయితే దాంతోపాటు మెరుపు పొర కూడా ఊడొస్తుంది. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడే గీత డేటా వరుస వెంటే పోతుంది, ఒకేచోట బోలెడంత మింగేస్తుంది, అడ్డంగా పడే గీతని డ్రైవు దిద్దుకోగలదు.

అప్పటికీ చదవకపోతే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, లినక్స్‌ది. ఇది పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి విడతలో చిక్కుముడి ఉన్న చోట ఆగకుండా దాటేసి, బాగున్న భాగమంతా ముందు దించేస్తుంది. తర్వాత వెనక్కి వచ్చి వదిలేసిన గుంటల్ని అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది. ఎక్కడ దొరికింది, ఎక్కడ దొరకలేదు అన్నది ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైలు ఉంటే మధ్యలో ఆపేసి, డిస్కు తుడిచి, కావాలంటే డిస్కుని ఇంకో కంప్యూటర్ డ్రైవులో పెట్టి, మిగిలిపోయిన గుంటల్ని మాత్రమే మళ్లీ ప్రయత్నించమనొచ్చు. ఒక డ్రైవు చదవలేని చోట ఇంకోటి చదవడం చాలా మామూలు. చిన్న చిట్కా: డిస్కుకి సీఎస్‌ఎస్ ఉంటే ముందు వీఎల్‌సీలో ఒక నిమిషం ఆడించి, డిస్కు బయటికి తీయకుండా డీడీరెస్క్యూ మొదలెట్టాలి, లేదంటే డ్రైవు తాళం ఉన్న సెక్టార్లు ఇవ్వనని మొండికేస్తుంది, అది చూసి డిస్కు చచ్చిపోయిందనుకుంటాం. అలా వచ్చిన ఐఎస్‌వోలో తాళం ఇంకా ఉంటుంది, దాన్ని వీఎల్‌సీ తర్వాత తీసుకోగలదు.

చట్టం సంగతి. నేను లాయర్ని కాను గానీ, మన చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. 1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు 65ఏ అనే సెక్షన్ చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో టెక్నికల్ రక్షణని ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని అందులో ఉంది. ఇక్కడ కీలకం ఆ "ఉద్దేశం" అన్న షరతే. చట్టం స్పష్టంగా నిషేధించని పనికోసం తాళం తీస్తే ఈ సెక్షన్ అడ్డు కాదని కూడా అక్కడే రాశారు. ఇంకోవైపు 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి ఫెయిర్ డీలింగ్ అనే వెసులుబాటు ఇస్తుంది. మీరు కొన్న డిస్కుకి మీ ఇంట్లో చూసుకోవడానికి ఒక కాపీ అన్నది ఈ రెంటి మధ్య నిలబడుతుందని గట్టిగానే వాదించొచ్చు, అలాగని ఫెయిర్ అన్న మాట గంపగుత్త అనుమతి కాదు. అద్దెకి తెచ్చిన డిస్కు, ఫ్రెండు డిస్కు, దించుకున్న ఫైలుని టెలిగ్రామ్ గ్రూపులో పెట్టడం, వీటికి ఈ వాదన ఏదీ అతకదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి పరిస్థితి వేరు. అక్కడి 1998 నాటి డీఎంసీఏ చట్టంలో ఉద్దేశం అన్న షరతు అలా లేదు, సొంత డిస్కు బ్యాకప్ అన్నా సరే తాళం తీయడమే తప్పు. రియల్ నెట్‌వర్క్స్ లాంటి పెద్ద కంపెనీ, కాపీకి మళ్లీ తన తాళం వేసి ఇచ్చే రియల్‌డీవీడీ తెచ్చినా 2009లో కోర్టు ఆపేసింది. బ్రిటన్ 2014లో సొంత కాపీకి అనుమతిచ్చింది, మరుసటి ఏడాదే హైకోర్టు దాన్ని కొట్టేసింది.

బ్లూరే గురించి క్లుప్తంగానే. 25 లేదా 50 జీబీ, తాళం పేరు ఏఏసీఎస్, 128 బిట్లు, పైగా కొత్త డిస్కులతో కీలు మారుతూ ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవుతూ ఉండాలి. 4కే డిస్కులకైతే డ్రైవు మోడలూ దాని ఫర్మ్‌వేరూ (డ్రైవు లోపలుండే సాఫ్ట్‌వేర్) కూడా కుదరాలి, ఏ డ్రైవు పడితే అది పనికిరాదు. తెలుగు సినిమాలు బ్లూరేలో వచ్చింది తక్కువ. మీ దగ్గర ఉన్నవి నాలుగైదే అయితే వాటికోసం డ్రైవు కొనే ముందు ఆలోచించండి.

డబ్బు తీసుకునే ఆల్ ఇన్ వన్ సాఫ్ట్‌వేర్లు మోసం అని నేను అనను, కొన్ని బాగానే పనిచేస్తాయి. కానీ వాటిలో చాలావరకు ఈ మూడు పనుల్నీ ఒకే బటన్ వెనక దాచేస్తాయి, ఆ బటన్ మామూలుగా కుదించే ఎంపీ4 మీదే ఉంటుంది. "లాస్‌లెస్" అనో "1:1 కాపీ" అనో ఆప్షన్ ఉందేమో వెతకండి, లేకపోతే వదిలేయండి. ఏఐతో డీవీడీని 4కే చేస్తాం అని చెప్పేవైతే మొహాలకి మైనం పూసినట్టు చేసి ఇస్తున్నాయి, కనీసం బ్యాకప్ కాపీ మీద ఆ ప్రయోగం చేయకండి.

హార్డ్‌వేర్ సైడు రెండు మాటలు. యూఎస్‌బీకి తగిలించే సన్నటి డీవీడీ రైటర్ చాలు. డిస్కు తిరగడం మొదలెట్టి టక్కున ఆగిపోతుంటే డిస్కుని అనుమానించే ముందు యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, చాలావరకు కరెంటు చాలకపోవడమే కారణం. డేటా డిస్కులు వేగంగా చదివే డ్రైవు సినిమా డిస్కులు మాత్రం నిదానంగా చదువుతుంటే కంగారు పడకండి, ప్లే చేసేటప్పుడు చప్పుడు రాకూడదని కంపెనీలే వీడియో డిస్కులకి స్పీడు తగ్గించి పెడతాయి.

ఏవి ముందు ఎక్కించాలి అంటే, సినిమాలు కాదు. ఇంట్లో రాయించుకున్న పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ముందు. ప్రెస్ చేసిన సినిమా డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే అచ్చుపడి ఉంటాయి, రైటర్‌లో రాసిన డిస్కులో డేటా ఒక రంగు పూతలో ఉంటుంది, ఆ రంగు ఎండకీ వేడికీ వెలిసిపోతుంది, అటక మీద రేకుల కింద వేసవి వేడికి మరీ త్వరగా. సినిమా పోతే ఏ ఓటీటీలోనో దొరకొచ్చు. ఆ తర్వాత వీసీడీలు, ఆ తర్వాత ఎక్కడా స్ట్రీమింగ్‌లో లేని పాత సినిమాల డీవీడీలు, మిగతావి తీరిక దొరికినప్పుడు. ఒక్కో ఫైలూ దిగగానే మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల ఆడించి చూసి, రెండో హార్డ్‌డిస్కులోకి కూడా వేశాకే ఆ డిస్కుని పక్కన పెట్టండి. స్టూడియో వాళ్లు పెళ్లిని మూడు నాలుగు డిస్కులుగా ఇస్తారు కాబట్టి ఫైలు పేరులో ఎవరి పెళ్లో, ఏ ఏడాదో, ఎన్నో డిస్కో రాయండి. అన్నీ "వీడియో టీఎస్" అనే ఒకే పేరుతో వస్తాయి, ఒకదాని మీద ఒకటి పేస్ట్ అయిందంటే ముహూర్తం డిస్కు పోయి అప్పగింతలు మాత్రమే మిగులుతాయి.